మీ మంద వెంట నడవనిస్తారా? పాలమూరు గొర్రెకాపరులకు ఒక బహిరంగ లేఖ

పాలమూరు నుంచి ఏటా మందలతో వలస వచ్చే కాపరి అన్నలకు, అక్కలకు, గొర్రెల పెంపకందారుల సహకార సంఘాల పెద్దలకు నమస్కారం.

ఈ ఉత్తరం మీలో చాలామందికి నేరుగా చేరదని నాకు తెలుసు. మంద దగ్గర ఉన్నవాళ్ళకి ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడమే పెద్ద పని. ఊళ్ళో చదువుకుంటున్న మీ పిల్లలు ఎవరైనా దీన్ని చూసి, రాత్రి ఫోన్‌లో మీకు చదివి వినిపిస్తారన్న ఆశతో రాస్తున్నాను.

అడగదలుచుకున్నది ముందే అడుగుతాను. వచ్చే వలసకి, మీరు ఊరు వదిలిన రోజు నుంచి తొలకరికి తిరిగి ఇల్లు చేరేదాకా, నన్ను మీ మంద వెంట రానివ్వండి. పని చేస్తాను. నీళ్ళు మోస్తాను, మంద చుట్టూ కట్టే వలలు పీకి మళ్ళీ పాతుతాను, రాత్రి కాపలాకి నా వంతు కూర్చుంటాను. మీరు ఏ చెట్టు కింద పడుకుంటే అక్కడే పడుకుంటాను.

నేనెవరినో చెప్పాలి. మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. నాకు 34 ఏళ్ళు. పదేళ్ళుగా హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. మీకూ నాకూ చుట్టరికం లేదు గానీ, మీరు మా పొలంలో ఎన్నో రాత్రులు పడుకున్నారు.

మా వైపు వరి కోశాక మినుము ఉంటుంది. ఆ మినుము కూడా పీకి, నూర్చి, చేలన్నీ బోసిగా ఎండకి నెర్రెలు విచ్చే రోజుల్లో మీ మందలు వచ్చేవి. ముందు కాలవకట్ట మీద దుమ్ము లేచేది. ఆ తర్వాత గంటల చప్పుడు వినపడేది. మా తాతయ్య కండువా భుజాన వేసుకుని కట్ట మీదకి వెళ్ళి మీ పెద్దాయనతో బేరం మాట్లాడేవాడు. రాత్రిళ్ళు మందని చేలో కడితే వాటి పెంట, మూత్రం నేలకి ఎరువవుతాయి, దానికే ఆ బేరం. ఎన్ని జీవాలున్నాయి, ఎన్ని రాత్రులు కడతారు, రాత్రికి డబ్బు ఎంత, ధాన్యం ఎంత. ఒక్కోసారి ఆ బేరం గంటసేపు సాగేది. తెగాక ఇద్దరూ కలిసి చుట్ట కాల్చుకునేవాళ్ళు. "మంద కట్టించిన చేలో పిండి కట్టలు సగం తగ్గించెయ్యొచ్చురా" అని తాతయ్య మా నాన్నతో అనేవాడు. పిండి కట్టలంటే మా వైపు కొనుక్కొచ్చే ఎరువు బస్తాలు. ఆ చేలో పండిన అన్నమే తిని పెరిగాను.

ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉండే మాట ఒకటుంది. అన్నేళ్ళు వచ్చిన ఆ పెద్దాయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏ ఊరో తెలియదు. "గొర్రెలోళ్ళు వచ్చారు" అనేవాళ్ళం, "గొర్రెలోళ్ళు పోయారు" అనేవాళ్ళం. ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నాళ్ళు నడిచారు, దారిలో ఎన్ని జీవాలు పోయాయి అని అడిగిన గుర్తు నాకు లేదు. తాతయ్య పోయాడు. ఆ పెద్దాయన ఉన్నాడో లేడో. మా పొలం దాకా వచ్చిన ఆ దారి మొదలు ఎక్కడో, మధ్యలో ఏముందో నా కాళ్ళతో తెలుసుకోవాలని నాకు గట్టిగా ఉంది.

ఇలాంటి కోరికతోనే నాలుగేళ్ళ కిందట లద్దాఖ్ వెళ్ళాను. అక్కడ చాంగ్‌థాంగ్ పీఠభూమి మీద పష్మీనా మేకల్ని కాసే చాంగ్‌పాలు ఉంటారు. వాళ్ళతో కలిసి బతికే అవకాశం కల్పిస్తామని ఒక ట్రావెల్ సంస్థ మా దగ్గర డబ్బు కట్టించుకుంది. త్సో మొరిరి సరస్సు దగ్గర, 4,500 మీటర్ల ఎత్తున, జడలబర్రె వెంట్రుకలతో నేసిన నల్లటి గుడారంలో కూర్చోబెట్టారు. దాన్ని వాళ్ళు రెబో అంటారు. గుడారం నిజమైనదే, మేకలూ నిజమైనవే. కానీ ఆ ఇంటాయన మాకోసం రెండు రోజులు మంద వెంట పోకుండా ఆగిపోయాడు. ఆయన బదులు ముసలి తల్లి ఆ చలిలో మేకల్ని తోలుకుపోయింది. మేం కట్టిన డబ్బులో మీకెంత ఇస్తారని సైగలతో అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అక్కడి నుంచి వచ్చాక చాలా రోజులు ఆ తల్లి నడక కళ్ళముందే ఉంది. మేం వెళ్ళకపోతే ఆ రెండు రోజులు ఆవిడ ఇంటిపట్టున ఉండేది.

కిందటేడు మార్చిలో మా ఊరు వెళ్ళినప్పుడు కాలవ పక్కన మినుము పీకిన చేలో ఒక మంద దిగి ఉంది. మూడిళ్ళ జీవాలు కలిపి తోలుకొచ్చారట, ఆరు వందలకు పైనే. నలుగురు మనుషులు. మక్తల్ అవతలి ఊరన్నారు. సాగర్ దాటి, మాచర్ల మీదుగా పల్నాడంతా నడిచి వచ్చారు. "ఏం సార్, గొర్లు జూడనీకి వచ్చినవా?" అని అడిగాడు అందరికంటే పెద్దాయన. అవునన్నాను. రెండు రాత్రులు వాళ్ళ దగ్గరే ఉన్నాను.

రెండో రోజు తెల్లవారుజామున ఒక గొర్రె ఈనింది. తల్లి ఇంకా పిల్లని నాకుతూనే ఉంది. నేను గబగబా వెళ్ళి ఆ తడి పిల్లని ఫొటో కోసం రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాను. చేతుల నిండా దోమల క్రీము పూసుకుని ఉన్నాను, ఆ సంగతే నాకు తట్టలేదు. పిల్లని కింద పెట్టాక తల్లి దగ్గరికొచ్చి వాసన చూసి, పక్కకి తిరిగిపోయింది. పిల్ల తడబడుతూ పొదుగు దగ్గరికి పోతే తలతో కుమ్మి తోసేసింది.

పెద్దాయన నన్ను ఒక్క మాటా అనలేదు. పిల్లని తుడిచి, కింద పడిన మాయని దాని ఒంటికి రాశాడు. తల్లిని రెండు కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుని, చనుమొన పిల్ల నోట్లో పెట్టి తాగించాడు. కాసేపాగి మళ్ళీ అదే పని. మళ్ళీ కాసేపాగి మళ్ళీ. ఎండ ముదరకముందే మేతకి పోవాల్సిన మంద ఆయనకోసం ఆగిపోయింది. మధ్యాహ్నానికి గానీ ఆ తల్లి పిల్లని చేరనివ్వలేదు. ఆరొందల జీవాలకి పొద్దుటి మేత పోయింది నావల్ల. సాయంత్రం నేను క్షమించమని అడిగితే ఆయన ఒకటే చెప్పాడు: "పిల్లను ముట్టాల్నంటే ముందుగాల తల్లినడగాలె."

అందుకే ఈసారి ముందు మిమ్మల్ని అడుగుతున్నాను.

నాకు పని రాదన్న సంగతి ఆ రెండు రోజుల్లోనే తెలిసింది. ఆరొందల్లో ఏ పిల్ల ఏ తల్లిదో మీరు చూపుతోనే చెప్తారు. నాకు అన్నీ ఒకేలా కనపడ్డాయి. మూతి వాచిన గొర్రెని దూరం నుంచే చూసి నీలి నాలుక రోగమని అనుమానించారు. తొలకరికి లేచిన లేత గడ్డి ఎక్కువ మేస్తే చిటుకు రోగం తగులుకుంటుందని, అప్పటిదాకా ఆకలితో ఉన్న జీవాన్ని పచ్చిక మీదకి ఒక్కసారే వదలకూడదని అక్కడే విన్నాను. ఈ చదువు ఏ కాలేజీలో చేరినా ఒక్క ఏడాదిలో రాదు. అందుకని మొదట చేతగానివాడికి ఇచ్చే పనులే ఇవ్వండి. తల్లులు మేతకి పోయినప్పుడు వలలో ఉన్న పిల్లల్ని కాయడం, తుమ్మకాయలు రాల్చి ఏరడం, కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించేటప్పుడు జీవాల్ని పట్టి ఇవ్వడం, పొయ్యిలోకి కట్టెలు తేవడం. జొన్నరొట్టె చెయ్యడం నేర్చుకుంటాను. ప్రస్తుతానికి అన్నం, పప్పు, పచ్చిపులుసు నలుగురికి సరిపడా వండగలను.

జీతం సంగతి వివరంగా రాయాలి, ఎందుకంటే దీనివల్ల ఒకరికి నష్టం జరిగే వీలుంది. మీలో కొన్ని మందలకి ఏడాది లెక్కన జీతమున్న కుర్రాళ్ళు ఉంటారు. ఊరికే పని చేసేవాడు ఒకడు దొరికాడని వాళ్ళలో ఒక్కరి జీతం పోయినా నేను రావడం తప్పే అవుతుంది. కాబట్టి మీకు ఎంతమంది కావాలో అంతమందినీ పెట్టుకున్నాక, ఆపైన అదనపు మనిషిగానే నన్ను లెక్కేసుకోండి. నా తిండి ఖర్చు నెల నెలా మంద లెక్కలో కలిపేస్తాను. నాకు జబ్బు చేసినా, పాము కరిచినా, కాలు విరిగినా ఆ బాధ్యత నాదే అని మీ సంఘంలో రాసిచ్చి వస్తాను. ఇంట్లో అమ్మకీ నాన్నకీ చెప్పాను. అమ్మకి టెన్షన్ ఉంది గానీ, "గొర్రెలోళ్ళతోనా" అన్న నాన్న గొంతులో కొంచెం ఇష్టం కూడా వినపడింది.

ఫొటోలు తియ్యను. మొదటి నెల అసలు ఫోన్ బయటికి తియ్యను, తర్వాత మీరు తియ్యమంటేనే. మంద ఈ రాత్రి ఫలానా ఊరి బయట దిగిందని ఆన్‌లైన్‌లో పెడితే గొర్రెల దొంగలకి దారి చూపించినట్టే. వ్యాన్ వేసుకొచ్చి చీకట్లో పది జీవాల్ని ఎత్తుకుపోతే కాపరికి ఏడాది కష్టం పోతుంది. ఈ మాట మా ఊరి దగ్గర దిగిన నలుగురూ వేరువేరుగా నాతో చెప్పారు, అంటే ఎంత భయమో అర్థం చేసుకున్నాను.

మీలో కొందరి మందలు డెల్టా వైపు కాకుండా నల్లమలకి పోతాయని విన్నాను. అలాంటి మందతో అయితే అడవి అంచు దాకానే వస్తాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కట్టుబాట్ల మధ్య మీకే అక్కడ కాలు పెట్టడం కష్టంగా ఉంది, నాలాంటి కొత్త మొహం తోడైతే ఇంకో ప్రశ్న, ఇంకో సంజాయిషీ. ఈ అడవి సంగతి ఆలోచించినప్పుడల్లా మనసు మండుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం మేపుకునే హక్కుని గుర్తించింది, కాలాన్ని బట్టి వచ్చిపోయే సంచార కాపరుల వాడుకని కూడా పేరు పెట్టి గుర్తించింది. కానీ గిరిజనులు కానివాళ్ళు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, ఆ అడవినే నమ్ముకుని ఉన్నట్టు రుజువులు చూపించాలి. ఒకచోట ఉండకుండా నడవడమే బతుకైనవాళ్ళు ఏ ఊరి కాగితం తెచ్చి చూపిస్తారు? మీరు నడిచొచ్చే పల్నాడులోనే, అడవిలో పశువుల మేతకి తెల్లవాళ్ళు వేసిన పుల్లరి పన్ను కట్టనన్నందుకే 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణం పోయింది. వందేళ్ళు దాటినా మేత కోసం బతిమాలుకోవడం మాత్రం పోలేదు.

నేను అక్షరం ముక్క వచ్చినవాణ్ణి. దారిలో ఏదైనా నోటీసు చదవాలన్నా, అర్జీ రాయాలన్నా, పశువుల ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలన్నా వాడుకోండి. మా డెల్టా రైతులతో మంద బేరం కుదిర్చేటప్పుడు పక్కన కూర్చోమంటే కూర్చుంటాను, వాళ్ళ మాట తీరు నాకు తెలుసు. వద్దంటే నీళ్ళ డబ్బాలే మోయించండి, అందులో నాకేం చిన్నతనం లేదు.

ఇంకొక ఆశ కూడా ఉంది. గొంగడి నెయ్యడం నేర్చుకోవాలని కాదు, అది ఒక జన్మ పని. ఉన్ని దగ్గర్నుంచి గొంగడి దాకా ఏం జరుగుతుందో ఒక్కసారి కళ్ళారా చూడాలని. ఏడాదికి రెండుసార్లు నల్ల గొర్రె ఉన్ని కత్తిరించడం, ఇంట్లో అక్కలు, అవ్వలు దాన్ని వడకడం, చింతగింజల గంజి పెట్టడం, గుంట మగ్గం మీద నెయ్యడం. మా ఊరి దగ్గర దిగిన పెద్దాయనకి ఒక పాత గొంగడి ఉంది. రాత్రి అదే పరుపు, అదే దుప్పటి, వాన పడితే అదే గొడుగు. కానీ ఆయన మందలో నల్ల గొర్రెలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. మిగతావన్నీ ఎర్రవి, నెల్లూరు జాతివి. ఎత్తుగా ఉంటాయి, మాంసం బాగా తూగుతుంది, ఉన్ని మాత్రం ఉండదు. ఉన్ని కొనేవాడే లేనప్పుడు నల్ల గొర్రె ఎందుకు పెంచుతామన్నాడు. ఆయన లెక్క తప్పని ఎవరూ అనలేరు. ఆ గొంగడి చిరిగితే మళ్ళీ కొత్తది నేసేవాళ్ళు తమ ఊళ్ళో ఒక్కరే మిగిలారని కూడా ఆయనే చెప్పాడు.

సంఘాల పెద్దలకి ఇప్పుడు ప్రత్యేకంగా ఒక మనవి. 2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, సుమారు 1.9 కోట్లు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1.76 కోట్లు. దేశంలో ఉన్న గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఇంత సంపదని కాళ్ళమీద నడిపిస్తున్న మనుషుల గురించి మాలాంటివాళ్ళకి తెలిసింది ఆదివారం మటన్ ధర ఒక్కటే. ఐక్యరాజ్యసమితి 2026ని పచ్చిక బయళ్ళ, పశుకాపరుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. మంచిదే. కానీ ఇలాంటి పేరు ఒకటి వచ్చిందంటే, లద్దాఖ్‌లో నేను చూసినట్టు, "కాపరులతో మూడు రోజులు" అని బోర్డు పెట్టి మీ దగ్గరికి కార్లలో మనుషుల్ని దింపేవాళ్ళు కూడా వస్తారు. వాళ్ళు రాకముందే మీరంతా కూర్చుని ఒక కట్టుబాటు రాసుకోండి. ఎవరిని రానివ్వాలి, ఎన్నాళ్ళకు తక్కువైతే వద్దనాలి, వచ్చినవాళ్ళు మందకి ఏం ఇవ్వాలి, ఆడవాళ్ళున్న గుడారం దగ్గరికి ఎంతదాకా రావచ్చు, ఈతల కాలంలో అసలు రానివ్వాలా. ఇవన్నీ మీ నోటి నుంచి రావాలి. నన్ను ఆ కట్టుబాటుకి మొదటి మనిషిగా పెట్టి చూడండి. అందులో ఏం సరిగా లేదో నా మీదే తేలిపోతుంది, తర్వాత దిద్దుకోవచ్చు.

ఇదంతా నాకెందుకు అని మీరు అడగవచ్చు. మక్తల్ పెద్దాయన కూడా అడిగాడు. "మాకాడ పోరగాండ్లు ఇది ఇడిసిపెట్టి పట్నం బోతున్రు, నువ్వు పట్నం ఇడిసి ఈడికొస్తనంటవ్" అన్నాడు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో డ్రైవర్. బహుశా నేను ఎక్కిన కారు కూడా నడిపి ఉంటాడు. ఆ కుర్రాడు ఎందుకు వెళ్ళిపోయాడో నాకు అర్థమవుతుంది. ఎండలో ఆరేడు నెలలు ఇల్లు వదిలి, పెళ్ళిళ్ళకి చావులకి కూడా అందకుండా తిరగడంలో అందం వెతకడం నాకు తగదు. పిల్లని ఇచ్చేవాళ్ళు కూడా మంద వెంట తిరిగేవాడంటే వెనకాడుతున్నారట. మీ బతుకు బంగారమని చెప్పడానికి నేను రావట్లేదు. మా పొలం ఇన్నేళ్ళు తిన్నది ఎవరి కష్టమో ఒక్క వలస కాలమైనా పక్కన నడిచి తెలుసుకోవాలనుంది. ఆ నడక అయ్యాక కూడా మీ దగ్గరికి వస్తూ పోతూ ఉండాలనుంది. నాకు తెలిసిన కారణం ఇదే. ఇంతకంటే గొప్పది చెప్పలేను.

మా ఆఫీసులో జీతం లేని సెలవు అడిగి ఉంచాను. మీరు బయలుదేరే రోజు ముందుగా తెలియదని, వాననీ మేతనీ బట్టి ఉంటుందని తెలుసు కాబట్టి, కబురు అందిన నాలుగు రోజుల్లో రాగలిగేలా చూసుకున్నాను. రోజూ తెల్లారకముందే లేచి పది కిలోమీటర్లు నడుస్తున్నాను. దోమల క్రీము మానేశాను.

దసరా తర్వాత రెండు వారాలు వరసగా పెబ్బేరు సంతకి వస్తాను. గొర్రెలు అమ్మే వైపు, చెట్ల కింద ఉంటాను, ఎర్ర తువ్వాలు భుజాన ఉంటుంది. మీలో ఎవరైనా వచ్చి పలకరించండి. వద్దంటే వద్దని మొహాన చెప్పండి, ఏమీ అనుకోను. ఆలోచిస్తామంటే మళ్ళీ వారం వస్తాను. ఒకవేళ మీలో ఎవరికైనా, ఇరవై ఐదు ముప్ఫై ఏళ్ళ కిందట తెనాలి దగ్గర కాలవకట్ట పక్క మాగాణిలో, తెల్ల కండువా వేసుకుని గంటసేపు బేరమాడి తర్వాత చుట్ట ఇచ్చే రైతు గుర్తుంటే, ఆ పెద్దాయన పేరేంటో మాత్రం దయచేసి నాకు చెప్పండి.

ఇట్లు,
ఆ రైతు మనవడు